ఆరు గదులు, ఒకే గొట్టం: గురి సాధనకు రివాల్వర్ ఎంపిక

పిస్టల్‌లో తూటా పేలే గది ఒక్కటే. అది గొట్టంలోనే భాగం. గొట్టం మంచిదైతే గురి సంగతి సగం తేలిపోయినట్టే. రివాల్వర్‌లో అలా కాదు. సిలిండర్‌లో సాధారణంగా ఆరు గదులుంటాయి, కొన్ని చిన్న తూటాల మోడళ్లలో పది ఉంటాయి. ఒక్కో గదీ తన వంతు రాగానే తిరిగొచ్చి, కదలకుండా ఉన్న గొట్టం వెనక వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగాలి. పక్కకు ఆగితే గుండు గొట్టం అంచును ఒరుసుకుంటూ లోపలికి దూరుతుంది. ఒక పక్క సీసం చిట్లుతుంది, కాగితం మీద ఆ రంధ్రం మిగతా అయిదింటికి దూరంగా పడుతుంది. రివాల్వర్ కొన్నామంటే ఒకే పిడికి బిగించిన ఆరు తుపాకులు కొన్నామని అర్థం.

గురి సాధనకు ఏ రివాల్వర్ మంచిదన్న వాదన మాత్రం ఎప్పుడూ కంపెనీ పేర్ల చుట్టూ, తూటా కొలతల చుట్టూ తిరుగుతుంటుంది. స్మిత్ అండ్ వెసన్ వాళ్లొక వైపు, కోల్ట్ వాళ్లొక వైపు. పాత ఇనుమును కొలిచేవాళ్లు కొందరు, కొత్త స్టెయిన్‌లెస్‌ను మెచ్చేవాళ్లు ఇంకొందరు. ఆ వాదనల్లో నిజం లేకపోలేదు. కానీ కాగితం మీద తేడా చూపించేవి ముఖ్యంగా రెండే: గదులు గొట్టానికి ఎంత సూటిగా అమరుతున్నాయి, ట్రిగ్గర్ ఎలా కదులుతోంది. మిగతావన్నీ వీటి తర్వాతే. డబ్బు కూడా ఆ వరసలోనే పెట్టాలని నా అభిప్రాయం.

అమరికతో మొదలుపెడదాం. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య ఒక సన్నని సందు ఉండి తీరాలి, లేకపోతే సిలిండర్ తిరగదు. మంచి తుపాకీలో అది సుమారు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు ఉంటుంది. పేలినప్పుడు వేడి వాయువు కొంత అందులోంచి పక్కకు తన్నుకొస్తుంది. పిస్టల్ అలవాటున్నవాళ్లు ఎడమచేతి బొటనవేలిని ముందుకు చాపి పట్టుకుంటారు. రివాల్వర్‌తో ఆ పట్టు పట్టుకుంటే వేలు కాలుతుంది, పెద్ద తూటా అయితే చీరుకుపోతుంది కూడా. ఈ సందును పూర్తిగా మూసేయాలని చూసినవాళ్లూ ఉన్నారు. రష్యా సైన్యం వాడిన 1895 నాటి నాగాంత్ రివాల్వర్‌లో పేలే ముందు సిలిండర్ ముందుకు జరిగి గొట్టానికి ఆనుకుంటుంది. సోవియట్ కాలంలో తులా కర్మాగారం ఆ సూత్రంతోనే పోటీల కోసం టోజ్-36 అనే రివాల్వర్ తయారుచేసింది. తెలివైన పరిష్కారమే. అయితే సిలిండర్‌ను ముందుకు నెట్టే శ్రమ కూడా వేలిమీదే పడటంతో పాత నాగాంత్ ట్రిగ్గర్ భరించలేనంత బరువుగా తయారైంది. సందును సన్నగా, సమంగా ఉంచి వదిలేయడమే మేలని మిగతా ప్రపంచం తేల్చుకుంది.

గదుల మూతి కొలత ఇంకా సూక్ష్మమైన విషయం. మూతి గుండుకంటే ఇరుకైతే గుండు నలిగి సన్నబడి గొట్టంలోకి వెళ్తుంది, వదులైతే ఊగుతూ వెళ్తుంది. ఆరూ ఒకే కొలతలో ఉంటే ఆ తుపాకీ అదృష్టవంతుడి చేతిలో ఉన్నట్టే. దీన్ని పట్టుకోవడానికి కొలతల పరికరాలు అక్కర్లేదు. గదులకు అంకెలు వేసుకుని, ఇసుక సంచి మీద ఆనించి, ఒక్కో గదితో వేరువేరు కాగితాల మీద అయిదేసి సార్లు కాల్చి చూస్తే ఏ గది దారి తప్పుతోందో తెలిసిపోతుంది. చాలామంది ఈ పరీక్ష చేయరు. చేయకుండానే తూటాను, గాలిని, కళ్లజోడును నిందిస్తారు.

ఇక ట్రిగ్గర్. రివాల్వర్‌ను రెండు రకాలుగా పేల్చవచ్చు. సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగిపెట్టి తర్వాత ట్రిగ్గర్ తాకడం సింగిల్ యాక్షన్. ట్రిగ్గర్ ఒక్కదాన్నే మొదటినుంచి చివరిదాకా లాగడం డబుల్ యాక్షన్. మొదటిదానికి సుమారు ఒకటిన్నర కిలోల ఒత్తిడి చాలు, కదలిక దాదాపు ఉండదు. రెండోదానికి ఫ్యాక్టరీనుంచి వచ్చిన స్థితిలో నాలుగున్నర నుంచి అయిదున్నర కిలోలు కావాలి. ఆరంగుళాల గొట్టమున్న రివాల్వర్ బరువే కిలో పావు ఉంటుంది. అంటే తుపాకీ బరువుకు నాలుగింతల బలంతో ట్రిగ్గర్ లాగుతూ దాన్ని కదలకుండా పట్టుకోవాలన్నమాట. గురికి సింగిల్ యాక్షన్ చాలదా అంటే, నిదానంగా కాల్చే పోటీకి చాలు. సాధనకు చాలదు. ఆ పొడవైన లాగుడును వంకర లేకుండా, ఆపకుండా పూర్తిచేయడం నేర్చుకున్న వేలు తర్వాత ఏ తుపాకీ పట్టుకున్నా తడబడదు. రివాల్వర్ సాధనకు ఇప్పటికీ పనికొస్తోందంటే ముఖ్యంగా ఇందుకే.

డబుల్ యాక్షన్ అంటే నెమ్మది అనుకోవద్దు. అమెరికాలోని మోంటానాకు చెందిన ఎడ్ మెక్‌గివర్న్ 1932లో మామూలు .38 రివాల్వర్‌తో అయిదు తూటాలను 0.45 సెకన్లలో కాల్చాడు. 1999లో జెర్రీ మిక్యులెక్ ఆరు కాల్చి, సిలిండర్ మళ్లీ నింపుకుని, ఇంకో ఆరు కాల్చడానికి తీసుకున్నది 2.99 సెకన్లే. ఇవి మనం అందుకోవాల్సిన లక్ష్యాలు కావు. వేలికి శిక్షణ ఇస్తే ఆ యంత్రం ఎంతదూరం పోగలదో చెప్పడానికి చాలు.

ట్రిగ్గర్ ఎలా ఉండాలి? తేలికగా ఉండటం కన్నా ఒకే తీరుగా ఉండటం ముఖ్యం. మొదట్లో గరుకుగా, మధ్యలో మెట్టు తగిలినట్టు, చివర్లో మళ్లీ బిగుసుకుపోయే ట్రిగ్గర్ మూడు కిలోలదైనా చెడ్డదే. మెత్తగా, ఒకే బిగువుతో సాగేది అయిదు కిలోలదైనా మంచిదే. బరువు తగ్గించాలని స్ప్రింగులు మార్చేవాళ్లు చాలామంది. స్ప్రింగు బలం తగ్గితే సుత్తి దెబ్బ కూడా తగ్గుతుంది, తూటా పేలకుండా మిగిలిపోతుంది. .22 విషయంలో ఈ బెడద ఎక్కువ. ఆ తూటాలో పేలుడు మందు అడుగు అంచులో ఉంటుంది కాబట్టి అంచును గట్టిగా నలగ్గొట్టాలి. అందుకే ఒకే కంపెనీ, ఒకే చట్రం అయినా .22 ట్రిగ్గర్ .38 కంటే బరువుగా ఉంటుంది. కొత్తగా కొన్నవాళ్లు దీన్ని లోపమని ఫిర్యాదు చేస్తుంటారు, కానీ తూటా స్వభావమే అంత.

తూటా విషయానికొస్తే నాకు పెద్దగా సందేహం లేదు. మొదటి రివాల్వర్ .22 లాంగ్ రైఫిల్‌దే కావాలి. ఖర్చు తక్కువ, తన్ను దాదాపు లేదు, చప్పుడు తక్కువ. తక్కువ అన్నది పోలికకే, చెవులకు రక్షణ లేకుండా దాన్నీ కాల్చకూడదు. తన్నుకు భయపడి ముందే కళ్లు మూసుకునే, మణికట్టు బిగించే అలవాటు మొదట్లో పడితే వదిలించుకోవడం కష్టం. .22తో ఆ అలవాటే పడదు. దాని కష్టాలు దానికున్నాయి. వందా నూటయాభై తూటాలు కాల్చేసరికి గదుల్లో మసి, మైనం పేరుకుని తూటాలు లోపలికి దిగవు, పేలిన తూటాల డొప్పలు బయటికి రావు. బ్రష్షు వెంట ఉంచుకోవాలి. ఉత్త సాధనకు, అంటే తూటా లేకుండా ట్రిగ్గర్ లాగడానికి, పాత .22లు పనికిరావు. పిన్ను నేరుగా గది అంచును కొట్టి దాన్ని పాడుచేయవచ్చు. డమ్మీ తూటాలు పెట్టుకుని చేయడం క్షేమం.

రెండో మెట్టు .38 స్పెషల్. ఈ తూటా 1890ల చివర్లో వచ్చింది. గురి పోటీల కోసం దీనికి వాడ్‌కటర్ అనే గుండు ఉంది. ముందుభాగం చదునుగా కోసేసినట్టుండే 148 గ్రెయిన్ల సీసపు గుండు అది. కాగితానికి పంచింగు మిషన్ వేసినట్టు గుండ్రటి రంధ్రం చేస్తుంది. మెల్లగా పోతుంది, మెల్లగా తంతుంది. చేతి తుపాకులతో గురి కాల్చేవాళ్లు దశాబ్దాలుగా దీన్నే నమ్ముకున్నారు. 1935లో వచ్చిన .357 మాగ్నం అదే గుండును చాలా ఎక్కువ వేగంతో పంపుతుంది. గురి సాధనకు ఆ బలం అక్కర్లేదు. కానీ .357 రివాల్వర్‌లో .38 కాల్చవచ్చు కాబట్టి, ఈరోజు మార్కెట్లో మంచి .38 కావాలంటే .357 కొనడమే సులువు. పొట్టి .38లు ఎక్కువగా కాలిస్తే గది ముందుభాగంలో మసి ఒక ఉంగరంలా గట్టిపడుతుంది. దాన్ని శుభ్రం చేయకపోతే తర్వాత పొడుగు తూటాలు దిగవు. పెద్ద సమస్య కాదు.

ఇప్పుడు కంపెనీలు. స్మిత్ అండ్ వెసన్‌కు ఈ రంగంలో పెద్దరికం ఊరికే రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తెచ్చిన కె-22 మాస్టర్‌పీస్, దాని జోడు .38 తుపాకీ కె-38 గురి రివాల్వర్లకు కొలబద్దలయ్యాయి. 1957లో మోడళ్లకు అంకెలు పెట్టినప్పుడు అవి 17, 14 అయ్యాయి. ఇప్పుడు ఆ స్థానంలో ఉన్నది స్టెయిన్‌లెస్‌తో చేసిన పది గదుల 617. బరువు, ఆరంగుళాల గొట్టం, దాని కిందుగా చివరిదాకా సాగే నిండు లోహం కలిసి దాన్ని చేతిలో కదలకుండా కూర్చోబెడతాయి. .357లో 686 దీని పెద్దన్న. 2001 తర్వాత చేసిన చాలావాటి పక్కన తాళం రంధ్రం ఒకటి కనిపిస్తుంది. పాతకాలం అభిమానులకు అది కంటిలో నలుసు. లోపలి భాగాలు ఇప్పుడు సాగగొట్టి కాకుండా లోహపు పొడిని అచ్చుల్లో పోసి కాల్చి చేస్తున్నారన్నది రెండో ఫిర్యాదు. ఈ రెంటివల్లా కాగితం మీద రంధ్రాల గుంపు చెదిరిందని నాకు నమ్మకం లేదు. అచ్చులో వచ్చిన భాగాలు ఒకదానికొకటి మరింత దగ్గరగా ఉంటాయి కూడా. పాత తుపాకుల మెరుగు, నీలి రంగు అందం వేరే సంగతి.

కోల్ట్ పైథాన్ గురించి ఇంతకంటే ఎక్కువ ప్రేమగా మాట్లాడేవాళ్లుంటారు. 1955లో వచ్చిన ఆ తుపాకీకి మొదట్లో ఉద్దేశించిన పని గురి కాల్పులే. పాత పైథాన్ ట్రిగ్గర్ లాగే చివరి క్షణంలో సిలిండర్‌ను గట్టిగా ఒక వైపుకు నొక్కి పట్టేస్తుంది, పేలే వేళకు ఇసుమంత కదలిక ఉండదు. అదే దాని గొప్ప, అదే దాని బలహీనత. ఆ నొక్కుడుతో భాగాలు అరిగి, కొన్నేళ్లకు సిలిండర్ సమయం తప్పుతుంది. సరిచేయగల చేతులు ఇప్పుడు బాగా తగ్గిపోయాయి. 2000ల మొదట్లో ఆగిపోయిన పైథాన్‌ను కోల్ట్ 2020లో మళ్లీ తెచ్చింది. కొత్తదాని లోపలి పనితీరు మారింది, గట్టిదనం పెరిగింది. అమెరికా ధరల్లో 686, 617లు సుమారు వెయ్యి డాలర్ల మెట్టు మీద ఉంటే పైథాన్ పదిహేను వందల దగ్గర ఉంటుంది. ఆ అయిదు వందల తేడా తూటాలకు ఖర్చుపెడితే పాయింట్లు ఎక్కువొస్తాయని నా లెక్క. పైథాన్ అందాన్ని కొనుక్కోవాలనిపిస్తే తప్పేం లేదు, అందం కొంటున్నామని తెలిస్తే చాలు.

రూగర్ జీపీ100 అందగత్తె కాదు. 1980ల మధ్యలో వచ్చింది. పక్క పలక లేని నిండు చట్రం, సిలిండర్‌ను ముందువైపు కూడా చట్రానికే తాళం వేసే పద్ధతి, ఇంట్లోనే విప్పి శుభ్రం చేసుకునే వీలు. ఫ్యాక్టరీ ట్రిగ్గర్ కొంచెం మొరటుగా వస్తుంది. కొన్ని వేల సార్లు లాగాక, లేదా తెలిసిన చేత్తో రుద్దించాక, నున్నబడుతుంది. పది గదుల .22లో కూడా దొరుకుతుంది. లెక్కలేనన్ని తూటాలు కాల్చాలనుకునే మనిషికి నేను దీన్నే చూపిస్తాను.

ఐరోపాలో మరో లోకం ఉంది. ఫ్రాన్స్‌లోని మ్యులూజ్‌లో మాన్యురిన్ కంపెనీ 1973లో తెచ్చిన ఎంఆర్73 ఆ దేశపు ప్రత్యేక దళం జీఐజీఎన్ చేతిలో పేరు తెచ్చుకుంది. ట్రిగ్గర్ తిరిగొచ్చే భాగం కింద చిన్న రోలర్ పెట్టి, స్ప్రింగుల బిగువును స్క్రూలతో మార్చుకునే వీలు కల్పించిన తుపాకీ అది. దాని చెల్లెలు ఎంఆర్32 పూర్తిగా పోటీలకే. జర్మనీ కోర్త్ ఇంకా పైమెట్టు, ధర వేల డాలర్లలో. వీటిని ఒకసారి కాల్చి చూడమని చెప్తాను. కొనమని ఎవరికీ చెప్పను.

గొట్టం పొడవు మీద వాదన అక్కర్లేదు. గురికి ఆరంగుళాలు. పొడవు గొట్టం వల్ల ముందు, వెనక సైట్ల మధ్య దూరం పెరిగి పొరపాటు త్వరగా కంటికి తెలుస్తుంది. వెనక సైటు స్క్రూలతో జరుపుకునేలా ఉండాలి, ముందుది చదునుగా నల్లగా ఉండాలి. మెరిసే ఫైబర్ చుక్క వేగానికి బాగుంటుంది, ఖచ్చితత్వానికి అంచులు మసకబారుస్తుంది. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లకు ఎర్ర చుక్క చూపించే రెడ్ డాట్ సైటు నిజమైన వరం. పిడి మాత్రం చాలామంది పట్టించుకోరు. పెద్ద చేతుల కోసం చేసిన లావు చెక్క పిడితో మన చేతివేలు ట్రిగ్గర్‌ను కొసతో మాత్రమే అందుకుంటే, ప్రతి లాగుడూ తుపాకీని పక్కకు నెట్టేస్తుంది. సన్నని పిడి వేయించుకోవడానికి పెద్ద ఖర్చు కాదు.

పాత తుపాకీ కొనేటప్పుడు మొదట ఖాళీగా ఉందని స్వయంగా చూసుకోవాలి. తర్వాత సిలిండర్‌ను వేలితో కొంచెం ఆపుతూ సుత్తిని నెమ్మదిగా వెనక్కి లాగాలి. సుత్తి పూర్తిగా వెనక్కి చేరేలోపే ప్రతి గదీ తాళంలో పడాలి. ఒక్క గది వెనకబడినా ధర తగ్గించి మాట్లాడాలి, లేదా వదిలేయాలి. సిలిండర్‌ను ముందుకూ వెనక్కూ కదిలించి ఊగిసలాట చూడాలి. సుత్తి ఎత్తిపెట్టి బొటనవేలితో ముందుకు నెడితే అది పడిపోకూడదు. గొట్టం లోపలి అంచుల్లో పగుళ్లు, మూతి దగ్గర గీతలు వెతకాలి. స్క్రూ తలలు చెదిరిపోయి ఉంటే ఎవరో తెలియని చెయ్యి లోపల పడిందని అర్థం. మన సినిమా హీరోలు ఒక విదిలింపుతో సిలిండర్‌ను టక్కున మూసే దృశ్యం ఉంటుందే, నిజం తుపాకీకి అదే పెద్ద గండం. సిలిండర్‌ను మోసే చెయ్యి వంగి అమరిక చెడుతుంది. అమ్మేవాడు మన కళ్లముందు అలా మూస్తే, అక్కడినుంచి బయటపడటం మంచిది.

పోటీల్లోకి వెళ్లాలనుకునేవాళ్లకు మాత్రం సమాధానం కొంచెం చేదుగా ఉంటుంది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య 25 మీటర్ల సెంటర్‌ఫైర్ (పేలుడు మందు అడుగు మధ్యలో ఉండే తూటాల) పోటీలో 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల తూటాలను, 153 మిల్లీమీటర్ల వరకు గొట్టాన్ని, కనీసం కిలో బరువు ట్రిగ్గర్‌ను అనుమతిస్తుంది. ఆరంగుళాల .38 రివాల్వర్ ఈ నిబంధనల్లో ఇమిడిపోతుంది. అయినా గెలిచే చేతుల్లో ఉండేవి చేతి ఆకారానికి చెక్కిన పిడి ఉన్న సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లే. హిరోషిమాలో 1994లో, దోహాలో 2006లో ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చిన జస్పాల్ రాణాది ఈ పోటీయే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌలో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం సాధించింది .22 పిస్టల్‌తో. పతకమే లక్ష్యమైతే రివాల్వర్ మీద డబ్బు పెట్టొద్దు. రివాల్వర్‌కు ఇంకా చోటున్న పోటీలు ఎక్కువగా అమెరికాలోనే ఉన్నాయి. పోలీసు పోటీల సంప్రదాయం నుంచి వచ్చినవి కొన్ని, 1991లో కేవలం రివాల్వర్ల కోసమే పుట్టిన ఐకోర్ లాంటివి కొన్ని.

మన దేశంలో పరిస్థితి విచిత్రంగా ఉంటుంది. మామూలు లైసెన్సుకు దొరికే కొత్త రివాల్వర్ ఎక్కువగా .32ది. ఆ తూటా 1896లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చిన .32 లాంగ్. ప్రపంచంలో సెంటర్‌ఫైర్ పోటీలు కాల్చేవాళ్లు ఏరికోరి వాడేదీ అదే, వాడ్‌కటర్ గుండుతో. ఎంఆర్32 కూడా దానికోసమే చేసిన తుపాకీ. అంటే గురికి ప్రపంచంలోకెల్లా మెత్తనైన, ఖచ్చితమైన చేతి తూటాల్లో ఒకటి మన దగ్గర సర్వసాధారణం. కానీ దాన్ని కాల్చడానికి మనం చేసుకున్న తుపాకులు గురి కోసం చేసినవి కావు. కాన్పూర్‌లో తయారైన నిర్భీక్ 2014లో మహిళల ఆత్మరక్షణ పేరుతో వచ్చిన అరకిలో తుపాకీ. 2023 నాటి ప్రబల్‌లో సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, అది నిజంగా ముందడుగే. గొట్టం మాత్రం 76 మిల్లీమీటర్లే. పొట్టి గొట్టం, తక్కువ బరువు, జేబుకు తగ్గ సైట్లు గురి సాధనకు ఎదురు నడిచేవే. దీనికి ఆరంగుళాల గొట్టం, జరుపుకునే సైటు పెట్టి అమ్మితే కొనేవాళ్లు దేశంలో లేకపోరు. విదేశీ తుపాకీ కొత్తగా దిగుమతి చేసుకునే దారి సామాన్య లైసెన్సుదారుకు 1980ల నుంచి దాదాపు మూసుకుపోయింది, గుర్తింపు పొందిన షూటర్లకు మాత్రమే తెరిచి ఉంది. అందుకే తాతల నాటి వెబ్లీ, స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లు చేతులు మారినప్పుడు వాటి నాణ్యతకు సంబంధం లేని ధరలు పలుకుతాయి. 2019 సవరణతో ఒకరు ఉంచుకోగల తుపాకులు మూడునుంచి రెండుకు తగ్గాయి. ఏడాదికి కొనే తూటాలకూ హద్దుంది. నెలకు వందలాది తూటాలు కాల్చే సాధన ఆ హద్దులో కుదరదు. కాబట్టి హైదరాబాద్‌లోనో విశాఖలోనో గురి నేర్చుకోవాలనుకునేవాళ్లు రివాల్వర్ లైసెన్సు కోసం తిరగడం కన్నా షూటింగ్ క్లబ్బులో చేరి ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టడం అన్ని విధాలా నయం.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు తుపాకీ దొరకడం కష్టం కాదు, చట్టమే జాగ్రత్తగా చూసుకోవాలి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోవడాన్ని సమాఖ్య చట్టం మామూలుగా నిషేధిస్తుంది. రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. స్నేహితుడితో రేంజికి వెళ్లి అద్దె తుపాకీ పట్టుకోవడానికి కూడా ఇదే వర్తిస్తుంది కాబట్టి, వెళ్లేముందే న్యాయవాదిని అడగాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు సమాఖ్య చట్టంలో ఈ వీసా అడ్డంకి లేదు, రాష్ట్రాల నిబంధనలు మాత్రం వేరువేరు.

ఆ అర్హత ఉన్నవాళ్లు కొనేముందు రేంజిలో 617నీ, 686నీ పక్కపక్కన అద్దెకు తీసుకుని, సుత్తి ఎత్తకుండా డబుల్ యాక్షన్‌లోనే ఒక్కో పెట్టె కాల్చి చూడాలి. పదిహేను గజాల్లో గుంపు ఎడమకు, కిందకు సాగితే లోపం చాలావరకు వేలిది. అప్పుడు ట్రిగ్గర్ పనిచేయించాలన్న తొందర వద్దు, .22 కొనుక్కుని కొన్ని నెలలు కాల్చాలి. గుంపు గుండ్రంగానే ఉండి ఒక్క రంధ్రం మాత్రం ప్రతిసారీ విడిగా పడుతుంటే ఆ తుపాకీ గదులను అనుమానించాలి, షాపులో ఇంకోటి తీసి చూపించమనాలి.